పొగ కాదక్కా, ఉత్త ఆవిరే!

ప్రశ్న: మా తమ్ముడికి 23 ఏళ్లు. మొదట్లో గంజాయిని సిగరెట్‌లో చుట్టి తాగేవాడు. తెలిసి గొడవ చేస్తే ఏడాది కిందట అది మానేసి వేప్ పెన్ పట్టాడు. దానికి నూనె ఉన్న చిన్న గాజు కార్ట్రిడ్జ్ బిగించి పీలుస్తాడు. "ఇది పొగ కాదక్కా, ఉత్త ఆవిరే. ఏదీ కాలదు. మొక్కలోంచి తీసిన నూనె, ల్యాబ్‌లో టెస్ట్ చేసిందే" అంటాడు. వాసన కూడా పెద్దగా రాదు కాబట్టి నిజమేనేమో అనుకున్నాను. కానీ రెండు నెలలుగా పొడి దగ్గు వదలట్లేదు. ఈ వారం మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. రెండుసార్లు వాంతులయ్యాయి, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటోంది. తిన్నది పడలేదంటాడు. డాక్టర్ దగ్గరికి పదమంటే, వస్తాను గానీ వేప్ సంగతి ఎత్తొద్దని షరతు పెడుతున్నాడు. వాడి మాటల్లో నిజమెంత? నేనేం చేయాలి?
— ఒక అక్క

జవాబు: మీ ఉత్తరంలో ఆఖర్న రాసిన దానికే ముందు జవాబిస్తాను. పొగా ఆవిరా అన్న సంగతి తర్వాత తీరిగ్గా చూద్దాం.

పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, వాంతులు, జ్వరం. వేప్ చేసే మనిషిలో ఈ నాలుగూ ఒకేసారి కనబడితే తిండి పడలేదని సరిపెట్టుకోకూడదు. ఇవాళే ఛాతీ వైద్యుడికి చూపించండి. ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఉంటే వేలికి పెట్టండి. 95 కంటే తక్కువ చూపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. 97 చూపించినా నిశ్చింతగా కూర్చోవద్దు. కూర్చున్నప్పుడు బాగానే ఉండి, నాలుగడుగులు వేయగానే పడిపోయే అంకెలుంటాయి. కాసేపు నడిపించి మళ్లీ చూడండి. అంకె ఎంతున్నా సరే, ఈ లక్షణాలతో డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం మానొద్దు.

ఉత్తరం చదివి ఇది వేప్ వల్లేనని తేల్చేయడం నా పని కాదు. ఫ్లూ కావచ్చు, మామూలు న్యుమోనియా కావచ్చు, ఆస్తమా కావచ్చు, రెండు నెలల దగ్గు అంటున్నారు కాబట్టి క్షయ కూడా కావచ్చు. అన్నీ చూడాల్సిందే. అయితే వేపింగ్ వల్ల ఊపిరితిత్తులకు తగిలే తీవ్రమైన దెబ్బ ఒకటుంది, డాక్టర్లు దాన్ని ఎవాలీ అంటారు. ఇది ఉందో లేదో ఒక్క దెబ్బన చెప్పే రక్త పరీక్ష లేదు. స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ మసక ఉండాలి, దానికి కారణమైన ఇన్ఫెక్షన్ గానీ వేరే జబ్బు గానీ దొరకకూడదు, లక్షణాలు మొదలవడానికి ముందు 90 రోజుల్లో రోగి వేప్ చేసి ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే డాక్టర్ ఆ నిర్ణయానికి వస్తారు. మూడోదాన్ని స్కాన్ చెప్పదు, మీ తమ్ముడే చెప్పాలి.

అందుకే మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది దగ్గు కాదు, ఆ షరతు. విషయం దాచిపెడితే ఏం జరుగుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. వాంతులకో మాత్ర, జ్వరానికో మాత్ర, దగ్గుకో యాంటీబయాటిక్. రెండు రోజుల తర్వాత ఇంకో యాంటీబయాటిక్. ఎవాలీలో మొదట్లో తేలిగ్గా కనిపించిన మనిషి కూడా ఒకటి రెండు రోజుల్లోనే ఆక్సిజన్ మీదికి వెళ్లొచ్చు. స్టెరాయిడ్లు మొదలుపెడితే చాలామంది చక్కగా కోలుకుంటారు, కానీ మొదలుపెట్టాలని డాక్టర్‌కి తట్టాలి కదా! వేప్ సంగతి ఎత్తకపోతే ఆ ఆలోచన రావడమే ఆలస్యమవుతుంది. వాంతులూ కడుపునొప్పీ చూసి కడుపు జబ్బనుకోవడం 2019లో అమెరికాలోని డాక్టర్లకే జరిగింది. ఆ కథకు వస్తాను.

ముందు మీ తమ్ముడి వాదన. అందులో కొంత నిజముంది. ఆ కొంత ఒప్పుకోకుండా వాడితో మాట్లాడితే మిగతాది కూడా వినడు.

పచ్చి గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ నేరుగా పెద్దగా ఉండదు. ఎక్కువగా దాని ఆమ్ల రూపం ఉంటుంది. వేడి తగిలితే ఆ అణువులోంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి టీహెచ్‌సీ మిగులుతుంది. అందుకే దాన్ని కాల్చడమో వేడిచేయడమో చేస్తారు. సిగరెట్ కొస దమ్ము లాగినప్పుడు 800 డిగ్రీల సెల్సియస్ దాటి మండుతుంది. ఆ మంటలో ఆకు ముక్కలై కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, హైడ్రోజన్ సయనైడ్, తారు, ఇంకా వందల రకాల పదార్థాలు పుడతాయి. ఎండిన గంజాయిని మంట అంటకుండా 180 నుంచి 210 డిగ్రీల దగ్గర వేడిచేస్తే టీహెచ్‌సీ ఆవిరవుతుంది, మండితే వచ్చే సరుకు చాలా తగ్గుతుంది. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పరిశోధకులు కొందరికి వేర్వేరు రోజుల్లో ఒకసారి పొగగా, ఒకసారి ఆవిరిగా ఇచ్చి పోల్చారు. ఆవిరి పీల్చినప్పుడు వాళ్ల శ్వాసలో కార్బన్ మోనాక్సైడ్ బాగా తక్కువగా ఉంది. కాబట్టి "పొగ కంటే నయం" అన్న మాట గాల్లోంచి పుట్టింది కాదు.

కానీ అది ఎండిన ఆకుతో, ఉష్ణోగ్రతను ఒకచోట నిలబెట్టే బల్లమీది యంత్రంతో చేసిన పని. మీ తమ్ముడి చేతిలో ఉన్నది ఆ యంత్రం కాదు, అందులో ఉన్నది ఆకూ కాదు. ఆ ఫలితాన్ని ఈ పెన్నుకు అంటగట్టడంలోనే ఉంది తిరకాసంతా.

ఆ కార్ట్రిడ్జ్‌ని ఒకసారి వెలుతురులో పట్టుకుని చూడండి. వేలెడంత గాజు గొట్టం, అందులో అర గ్రామో ఒక గ్రామో తేనె రంగు నూనె. మధ్యలో నిలువుగా ఒక లోహపు గొట్టం, దాని అడుగున సన్నటి రంధ్రాలు. ఆ రంధ్రాల గుండా నూనె లోపలికి ఊరుతుంది. లోపల సిరామిక్ ముక్కకో దూదికో చుట్టిన తీగ చుట్ట ఉంటుంది. కింద మర, దాని మధ్యలో బ్యాటరీకి తగిలే బొడిపె. నోట్లో పెట్టుకుని లాగగానే తీగ క్షణాల్లో వేడెక్కి, తనను అంటుకున్న నూనెను ఎగరగొడుతుంది. బయటికి వచ్చే ఆ తెల్లటి మబ్బులో నీటి ఆవిరి దాదాపు ఉండదు. నూనె ఆవిరై, చల్లబడి, మళ్లీ కంటికి కనిపించనంత సన్నటి తుంపరగా మారుతుంది. మీ తమ్ముడు పీలుస్తున్నది నూనె తుంపర. నీటి ఆవిరితో దానికి పోలిక లేదు.

ఇప్పుడా నూనె ఏమిటో చూద్దాం. ఎండిన గంజాయి పువ్వులో టీహెచ్‌సీ మామూలుగా 15 నుంచి 25 శాతం ఉంటే, కార్ట్రిడ్జ్ నూనెలో 70 నుంచి 90 దాకా ఉంటుంది. బ్యూటేన్, ప్రొపేన్, ఆల్కహాల్ లాంటి ద్రావకాలతోనో, ఒత్తిడి పెట్టిన కార్బన్ డయాక్సైడ్‌తోనో దాన్ని మొక్క నుంచి లాగుతారు. మొక్క మీద పురుగుమందు చల్లి ఉంటే టీహెచ్‌సీతో పాటు అదీ చిక్కబడి నూనెలోకి వస్తుంది. మైక్లోబ్యుటానిల్ అని ఒక బూజుమందు ఉంది. తోటల్లో వాడతారు, పండు మీద మిగిలిపోయేదానికి పరిమితులూ ఉన్నాయి. ఆ పరిమితులు తినేవాళ్ల కోసం పెట్టినవి. అదే మందు బాగా కాలితే హైడ్రోజన్ సయనైడ్ విడుదలవుతుంది.

శుద్ధిచేసిన టీహెచ్‌సీ నూనె బంకలా ఉంటుంది, పోస్తే జారదు. కార్ట్రిడ్జ్‌లో పారాలంటే ఏదో ఒకటి కలపాలి. మొక్కల సువాసన నూనెలైన టెర్పీన్లు కొందరు కలుపుతారు, ప్రొపిలీన్ గ్లైకాల్ కొందరు, కొబ్బరి నుంచి తీసే ఎంసీటీ నూనె ఇంకొందరు. పలచబడితే కొనేవాడికి అనుమానం వస్తుంది. కార్ట్రిడ్జ్‌ను తలకిందులు చేసి, లోపలి గాలిబుడగ ఎంత నెమ్మదిగా పైకి పాకితే సరుకు అంత చిక్కనిదని, అంత అసలుదని లెక్కవేయడం వాడేవాళ్లలో ఒక అలవాటు. మీ తమ్ముడికీ ఈ బుడగ పరీక్ష తెలిసే ఉంటుంది, అడిగి చూడండి. కల్తీదారులకు మాత్రం అది ఇంకా బాగా తెలుసు. 2018 చివరికల్లా వాళ్లకు సరిపోయే పదార్థం దొరికింది. పేరు విటమిన్ ఇ ఎసిటేట్. రంగు టీహెచ్‌సీ నూనె రంగులోనే కలిసిపోతుంది, వాసన లేదు, చిక్కదనం తగ్గదు, పైగా చవక. సగానికి సగం కలిపినా బుడగ కదలదు. పరీక్ష చేసి మరీ కొన్నవాడే మోసపోయాడు.

విటమిన్ ఇ ఎసిటేట్ విషమేమీ కాదు. ముఖానికి రాసుకునే క్రీముల్లో ఉంటుంది, విటమిన్ మాత్రల్లో ఉంటుంది. చర్మం మీద గానీ కడుపులో గానీ దానితో పేచీ లేదు. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లాక జరిగిందే 2019 కథ.

ఆ వేసవిలో అమెరికాలోని విస్కాన్సిన్, ఇల్లినాయిస్ రాష్ట్రాల ఆసుపత్రులకు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు ఆయాసంతో, వాంతులతో, జ్వరంతో రావడం మొదలైంది. ఇన్ఫెక్షన్ కోసం వెతికితే ఏమీ దొరకలేదు, యాంటీబయాటిక్స్ పనిచేయలేదు. సెప్టెంబర్‌కల్లా దేశమంతా అదే వరస. 2020 ఫిబ్రవరి 18 నాటికి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కలో 2,807 కేసులు, 68 మరణాలు. బాధితుల్లో సగం మందికి 24 ఏళ్లు, లేదా అంతకన్నా తక్కువ. ఏం వాడారో చెప్పినవాళ్లలో 82 శాతం మంది టీహెచ్‌సీ ఉన్నవి పీల్చామన్నారు. నికోటిన్ మాత్రమే వాడామన్నవాళ్లు 14 శాతం. 51 మంది రోగుల ఊపిరితిత్తులను కడిగి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే 48 మందిలో విటమిన్ ఇ ఎసిటేట్ దొరికింది. పోలిక కోసం పరీక్షించిన 99 మంది ఆరోగ్యవంతుల్లో ఒక్కరిలోనూ లేదు. ఇంత సూటిగా వేలు చూపించే ఫలితం వైద్యంలో అరుదు.

అది ఎలా దెబ్బతీసింది? మన గాలిగదుల లోపలి గోడకు సర్ఫాక్టెంట్ అనే పలచటి కొవ్వు పొర ఉంటుంది. అదే లేకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ గదులు తడిసిన ప్లాస్టిక్ కవర్ లోపలి పొరల్లా అతుక్కుపోతాయి. విటమిన్ ఇ ఎసిటేట్ పొడవాటి కొవ్వు తోక ఉన్న అణువు. అది ఆ పొరలో దూరి దాని బిగువును పాడుచేస్తుందని ఒక వివరణ. రెండోది వేడికి సంబంధించింది. 2020లో డబ్లిన్‌లోని రసాయన శాస్త్రవేత్తలు దీన్ని బాగా వేడిచేసి చూస్తే, ఎసిటేట్ భాగం ఊడి కీటీన్ అనే వాయువు వచ్చింది. కీటీన్ దేన్ని తాకితే దానితో చర్య జరిపే రకం, ఊపిరితిత్తులకు చాలా ప్రమాదకరం. మేయో క్లినిక్ వైద్యులు 2019లో 17 మంది రోగుల ఊపిరితిత్తుల ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు నూనె పేరుకున్న గుర్తులకంటే రసాయనం పడి కాలిన గాయాల్లాంటివే ఎక్కువగా కనబడ్డాయి. ఈ రెండు వివరణల్లో ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు.

ఇక ల్యాబ్‌లో టెస్ట్ చేసిందే అన్న మాట. ఆ ఏడాది రోగుల నోట ఎక్కువగా వినబడ్డ పేరు డ్యాంక్ వేప్స్. రంగురంగుల డబ్బా, మీద అచ్చువేసిన టీహెచ్‌సీ శాతం, అంతా అసలు కంపెనీ సరుకులాగే ఉండేది. వెనక చూస్తే కంపెనీ లేదు. ఖాళీ డబ్బాలు కొని ఎవరికి దొరికిన నూనె వాళ్లు నింపి అమ్మారు. డబ్బా మీద ల్యాబ్ గుర్తు ఉందంటే ఆ గుర్తు అచ్చువేశారని అర్థం, అంతవరకే. సరుకు ఎక్కడిదో చెప్పిన రోగుల్లో 78 శాతం మంది స్నేహితుల దగ్గరా, ఆన్‌లైన్‌లోనా, చాటుగా అమ్మేవాళ్ల దగ్గరా కొన్నవాళ్లు. ఈ లెక్క చూసి, లైసెన్సున్న షాపులో కొంటే భయం లేదని వాడు అనొచ్చు. 16 శాతం మంది షాపుల్లో మాత్రమే కొన్నామని చెప్పారని కూడా అప్పుడు గుర్తుచేయండి.

విటమిన్ ఇ ఎసిటేట్ పేరు బయటపడ్డాక దాని వాడకం తగ్గింది, కేసులూ తగ్గాయి. దాంతో సమస్య తీరిపోయిందని చాలామంది అనుకున్నారు. నా ఉద్దేశంలో 2019 నేర్పింది ఒక పదార్థం గురించి కాదు. కార్ట్రిడ్జ్‌లో ఏముందో పీల్చేవాడికీ తెలియదు, చాలాసార్లు అమ్మేవాడికీ తెలియదు. వేడెక్కాక అది ఏమవుతుందో నింపినవాడికి కూడా తెలియదు. ఆ ఒక్క పదార్థాన్ని తీసేసినంత మాత్రాన ఈ పరిస్థితి మారలేదు.

ఉదాహరణకు టెర్పీన్లనే తీసుకోండి. నిమ్మ తొక్కలో లిమోనీన్, లావెండర్‌లో లినలూల్, మామిడిలో మిర్సీన్, అన్నీ మొక్కల్లోవే. మీ తమ్ముడు "సహజం" అనేది వీటిని చూసే. అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్తలు 2017లో వీటిని గంజాయి నూనె పీల్చేవాళ్లు వాడేంత వేడికి తెచ్చి చూశారు. మెథాక్రోలీన్ వచ్చింది, బెంజీన్ వచ్చింది. వేడి పెరిగేకొద్దీ బెంజీన్ పెరిగింది. మెథాక్రోలీన్ గొంతునూ శ్వాసనాళాలనూ మండించే రకం, బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చేదిగా ఎప్పుడో ముద్రపడ్డది. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ కలిపిన నూనె అయితే ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, ఎక్రోలీన్ వస్తాయి. వీటిలో ఏదీ డబ్బా మీద రాసి ఉండదు, రాయలేరు కూడా. అవి డబ్బాలో లేవు, పీల్చే క్షణంలో తీగ మీద పుడతాయి.

ఎంత పుడతాయన్నది తీగ ఎంత వేడెక్కిందన్నదాన్ని బట్టి ఉంటుంది. బ్యాటరీ వోల్టేజ్ పెంచితే వేడి పెరుగుతుంది, గుక్క పొడవు పెరిగితే పెరుగుతుంది. నూనె అడుగంటి తీగ పొడిబారితే ఒక్కసారిగా ఎగబాకుతుంది. మాడు రుచి తగిలిందంటే నూనె అప్పటికే కాలుతోందన్నమాట, "ఏదీ కాలదు" అన్న మాటకు అక్కడే నూకలు చెల్లాయి. తీగ కూడా ఊరికే ఉండదు. నిక్రోమ్ తీగ అంటే నికెల్, క్రోమియం. అతికిన చోట్ల టంకం, ఇత్తడి భాగాల్లో సీసం. ఇంకా ఒక్క దమ్ము కూడా లాగని కొత్త కార్ట్రిడ్జ్‌ల నూనెలోనే ఈ లోహాలు ఉన్నట్టు కెనడా పరిశోధకులు చూపించారు, అదీ చట్టబద్ధంగా అమ్మే సరుకుతో సహా. నిల్వ ఉన్నంతకాలం నూనె లోహాన్ని నానబెడుతూనే ఉంటుంది మరి.

టీహెచ్‌సీకి పోటీగా కొత్త రకాలు కూడా వస్తున్నాయి. అందులో టీహెచ్‌సీ-ఓ అనేది టీహెచ్‌సీకి ఎసిటేట్ తగిలించి చేసినది. పైన చెప్పిన కీటీన్ సంగతి గుర్తుందిగా? దీన్ని వేడిచేసినా కీటీన్ వచ్చినట్టు ప్రయోగాల్లో తేలింది. ఇక గంజాయి నూనె పేరుతో సింథటిక్ మత్తుమందు నింపి అంటగట్టడం వేరే కథ. దాని దెబ్బ ఊపిరితిత్తులకంటే ముందు గుండెకూ మెదడుకూ తగులుతుంది.

"మొక్కలోదే కదా, తినేదే కదా" అంటే ఏం చెప్పాలి? ఏదైనా తింటే కడుపులో ఆమ్లం ఉంది, పేగు గోడ ఉంది, ఆ తర్వాత కాలేయం ఉంది. ఒక్కోచోట కొంత విరుగుడు జరిగాకే రక్తంలోకి వెళ్తుంది. ఊపిరితిత్తుల్లో ఈ కాపలా లేదు. దాదాపు 70 చదరపు మీటర్ల విస్తీర్ణం, గాలికీ రక్తానికీ మధ్య అడ్డు మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యోవంతు) కంటే పలచన. గాలి తప్ప మరేదీ రాదన్న నమ్మకంతో కట్టిన అవయవం అది. పాప్‌కార్న్‌కు వెన్న వాసన తెచ్చే డయాసిటైల్ తింటే ఏమీ చేయదు. 2000లో అమెరికాలోని మిస్సోరిలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులకు, దాని ఆవిరి పీల్చినందుకు, సన్నటి శ్వాసనాళాలు మచ్చగట్టి మూసుకుపోయిన సంగతి బయటపడింది. ఆ మచ్చలు మాన్పే మందు ఇప్పటికీ లేదు.

మోతాదు సంగతి కూడా వాడికి చెప్పండి. 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు గంజాయి అలవాటు పెద్దగా లేని 17 మందికి ఒకే మోతాదు పొగగానూ ఆవిరిగానూ ఇస్తే, ఆవిరిగా పీల్చినప్పుడే రక్తంలో టీహెచ్‌సీ ఎక్కువగా చేరింది, మత్తూ ఎక్కువైంది. కార్ట్రిడ్జ్ సరుకు మామూలు గంజాయికి నాలుగైదు రెట్లు ఘాటు. వాసన రాదు, నిప్పు అక్కర్లేదు, జేబులోంచి తీసి బాత్రూంలో లాగి మళ్లీ జేబులో పెట్టుకోవచ్చు. సిగరెట్ చుట్టే రోజుల్లో వారానికి నాలుగుసార్లు తాగినవాడు ఇప్పుడు రోజుకు ఎన్నిసార్లు లాగుతున్నాడో నిజాయితీగా లెక్కపెట్టుకోమనండి. ఊపిరి బిగబట్టి ఉంచడం కూడా చాలామందికి అలవాటు. దానివల్ల మత్తు పెద్దగా పెరగదు, టీహెచ్‌సీ మొదటి క్షణాల్లోనే రక్తంలోకి వెళ్లిపోతుంది. మిగతా చెత్త లోపల ఎక్కువసేపు ఉండిపోవడమే దాని ఫలితం.

"ఇన్నాళ్లుగా వాడుతున్నాను, నా ఫ్రెండ్స్ వాడుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు" అనే వాదన తప్పకుండా వస్తుంది. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న లంకెను బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పరిశోధకులు గట్టిగా చూపించింది 1950లో. అప్పటికి ఒక తరం సిగరెట్లు తాగి ముసలిదైపోయింది. ఈ నూనె పెన్నులు జనంలోకి వచ్చి ఇంకా పదిహేనేళ్ల చిల్లరే. ఉన్నంతలో కనబడుతున్నవి కూడా మంచి సూచనలు కావు. అమెరికా టీనేజర్ల సర్వే ఒకదాన్ని విశ్లేషించి మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో ప్రచురించిన ఫలితాలు చూస్తే, ఛాతీలో పిల్లికూతలు, పొడి దగ్గు లాంటివి మామూలు సిగరెట్ కంటే, నికోటిన్ వేప్ కంటే గంజాయి వేప్‌తోనే గట్టిగా ముడిపడి ఉన్నాయి.

వాడితో ఎలా మాట్లాడాలి? మీరు అక్క, వాడు అక్కా అని పిలిచి అబద్ధమో నిజమో మీకు చెబుతున్నాడు. అంటే తలుపు ఇంకా తెరిచే ఉంది. పెన్ను లాక్కుని చెత్తబుట్టలో వేయడం మొదటి పని కాదు. అలా చేస్తే రేపు ఇంకోటి కొంటాడు, ఈసారి మీకు చెప్పడు. దగ్గు గురించే మాట్లాడండి. "నువ్వు మానేస్తావా లేదా అని నేనిప్పుడు అడగట్లేదు, నీ ఆయాసం సంగతి తేలాలి" అనండి. డాక్టర్ గదిలోకి మీరు లోపలికి రాకుండా బయట కూర్చుంటానని చెప్పండి. కుర్రాళ్లు దాచేది చాలామటుకు పక్కనున్న ఇంటివాళ్లను చూసి. రోగి ఏం వాడాడో వైద్యుడికి వైద్యం కోసమే కావాలి, పక్కవాళ్లకు చెప్పడానికి కాదు. ఆ భరోసా వాడికి మీరివ్వండి.

ఈ లక్షణాలున్నంతకాలం ఏ రకం వేప్ అయినా పూర్తిగా ఆపాలి, ఇందులో బేరం లేదు. అలాగని మళ్లీ సిగరెట్‌కు తిరిగి వెళ్లడం పరిష్కారం కాదు. రోజూ వాడినవాడు ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, చెమటలు, ఆకలి లేకపోవడం మొదలవుతాయి. మొదటి వారంలో ముదిరి, రెండు వారాలకల్లా చాలావరకు సర్దుకుంటాయి. నిద్ర ఒక్కటి ఇంకొంచెం ఎక్కువ రోజులు సతాయించొచ్చు. ఇది ముందే తెలిస్తే ఆ రెండు వారాలు మీరూ వాడూ పోట్లాడుకోకుండా గడుపుతారు. సొంతంగా ఆపలేకపోతే కౌన్సెలింగ్ ఉంది, అది పనిచేస్తుంది. ఎవాలీ అని తేలితే మాత్రం కోలుకున్నాక మళ్లీ ముట్టుకోకూడదు, తిరగబెట్టిన కేసులున్నాయి.

ఆసుపత్రిలో ఆక్సిజన్ చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రే కొన్నిసార్లు మొదట్లో బాగానే ఉంటుంది, అనుమానముంటే సీటీ స్కాన్ అడగొచ్చు. దాంట్లో రెండువైపులా గ్రౌండ్ గ్లాస్ అనే బూడిదరంగు మసక కనబడితే డాక్టర్ అక్కడినుంచి చూసుకుంటారు. కళ్లె, రక్తం పరీక్షలు ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోవడానికి. అడ్మిట్ చేసుకుని ఇంటికి పంపితే రెండు రోజుల్లోపే మళ్లీ చూపించాలి. 2019లో డిశ్చార్జ్ అయ్యాక మళ్లీ విషమించినవాళ్లున్నారు. ఇవేవీ లేవు, మామూలు బ్రాంకైటిసే అని తేలినా, రెండు నెలల దగ్గుకు స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) ఒకసారి చేయించడం మంచిది.

వెళ్లేటప్పుడు ఆ కార్ట్రిడ్జ్‌ని పారేయకుండా జిప్ కవర్‌లో వేసి, డబ్బా ఉంటే డబ్బాతో సహా తీసుకెళ్లండి. ఏం పీల్చాడు, ఆఖరిసారి ఎప్పుడు, రోజుకు ఎన్నిసార్లు, ఎవరి దగ్గర కొన్నాడు అనే నాలుగు సంగతులు వాడి చేతే ఒక కాగితం మీద రాయించండి. నోటితో చెప్పలేకపోతే ఆ కాగితం డాక్టర్ చేతికిస్తే సరిపోతుంది.